ఊపిరి కొలిచే గదిలో

ఇరవై ఆరేళ్ళ పాటు మనుషుల చేత గాలి ఊదించి జీతం తీసుకున్నాను. మా బంధువుల్లో చాలామందికి నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. "కస్తూరి తిరుపతిలో నర్సు" అని కొందరు, "రక్తం తీస్తుంది" అని కొందరు చెప్పుకునేవాళ్ళు. మా నాయన ఒకసారి మా ఆసుపత్రికి వచ్చి, నా గది బయట బెంచీ మీద అరగంట కూర్చొని, లోపలి నుంచి నా కేకలు విన్నాడు. ఊరికి పోయి మా అమ్మతో "మన పాప ఆడ అందరి మీదా అరస్తా ఉండాది. దానికి జీతం కూడా ఇస్తా ఉండారు" అన్నాడట.

ఈ మధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చి, పుస్తకంలో లేనివి చెప్పమన్నారు. చెప్పడం మొదలుపెడితే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే వరకూ నా నోరు ఆగలేదు. ఆ రోజు చెప్పినవాటిలో ముఖ్యమైనవి రాసిపెడుతున్నాను. ఆసుపత్రి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను.

అరవడం కూడా పనే

ఊపిరితిత్తుల పరీక్ష చూడడానికి చాలా తేలిక. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో అట్ట గొట్టం పెట్టి, రొమ్ము నిండా గాలి పీల్చమంటాం. తర్వాత ఒంట్లో ఎంత బలం ఉంటే అంత బలంతో ఒక్కసారిగా ఊదమంటాం. ఇక గాలి లేదనిపించినా ఆపకూడదు, ఆరు సెకన్లయినా లాగాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చింది, మొత్తం మీద ఎంత వచ్చింది అన్నది మిషను చెబుతుంది. ఆ రెండు అంకెల మీద ఎన్నో నిర్ణయాలు ఆధారపడి ఉంటాయి.

ఉబ్బసం ఉన్నవాళ్ళకు మందు ఎంత వెయ్యాలో ఈ పరీక్ష చెబుతుంది. క్యాన్సరు వాళ్ళ విషయంలో దీన్ని అడిగే ప్రశ్న వేరు. ఈ మనిషి వైద్యాన్ని తట్టుకుంటాడా? ఊపిరితిత్తిలో ఒక భాగం కోసి తీసేస్తే మిగిలినదానితో తిరగగలడా? ఫలానా మందు ఎక్కిస్తుంటే ఊపిరితిత్తులు ఓర్చుకుంటున్నాయా, పైకి తెలియకుండా లోపల పాడవుతున్నాయా? గడ్డ కరుగుతుందో లేదో నా గదిలో తెలియదు. ఆ వైద్యాన్ని మోసేంత ఊపిరి మనిషిలో ఉందా అన్నది తెలుస్తుంది. ఆపరేషను చేసే డాక్టరు కత్తి పట్టుకునే ముందు నేను ఇచ్చిన కాగితం చూస్తాడు. ఈ సంగతి నా బుర్రకు ఎక్కడానికి మూడేళ్ళు పట్టింది. ఎలా ఎక్కిందో తర్వాత చెబుతాను.

మనిషి తనంతట తాను పూర్తిగా ఊదడు. మర్యాదగా ఊదుతాడు. నలుగురిలో అంత మొరటుగా గాలి వదలడం మనకు అలవాటు లేదు. అందుకే పక్కన నిలబడి "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా, ఆపొద్దు ఆపొద్దు!" అని గొంతు చించుకోవాలి. మాది కాణిపాకం దగ్గర పల్లె. చెరకు తోటలో ఈ చివర నుంచి ఆ చివర ఉన్న మా నాయనను అన్నానికి పిలిచి పెంచుకున్న గొంతు నాది. ఉద్యోగంలో అది బాగా పనికొచ్చింది. పేషెంట్లు నాకు "ఊదమ్మ" అని పేరు పెట్టారు. "యాడికి పోవాల?" అని ఎవరైనా అడిగితే వార్డుబాయి చీటీ కూడా చూడకుండా "ఊదమ్మ కాడికి పో" అనేవాడు.

మొదట్లో ఒక అవ్వ వచ్చింది. నేను చెవి దగ్గర అరుస్తుంటే గొట్టం నోట్లోంచి తీసి, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమ్మే, నీకు పెండ్లయిందా?" అని అడిగింది.

"అయిందవ్వా."

"పాపం ఆయప్ప" అని మళ్ళీ గొట్టం నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె ఊదిన ఊదుడికి నేనే రెండడుగులు వెనక్కి వేశాను.

కొత్తగా చేరిన పిల్లలకు నా మొదటి మాట ఇదే. సిగ్గుపడకండి. మీరు సిగ్గుపడితే పేషెంటు కూడా సిగ్గుపడతాడు, కాగితం మీద తప్పు అంకె పడుతుంది.

కొండకు నడిచినారా?

మా ఛాతీ విభాగానికి పెద్ద, రామ్మూర్తి డాక్టరుగారు. పుత్తూరు మనిషి. సన్నగా, నిటారుగా ఉండేవారు. కోపం వస్తే చేతిలో ఉన్న రిపోర్టు నేల మీద పడేసి, తర్వాత ఆయనే వంగి తీసుకునేవారు.

పేషెంటును ఆయన అడిగే మొదటి ప్రశ్న దగ్గు గురించి కాదు. "ఎప్పుడైనా కొండకు నడిచి పోయినారా?" అని అడిగేవారు. మా జిల్లాలో పోనివాళ్ళు తక్కువ. పోయామని చెప్పగానే రెండో ప్రశ్న వచ్చేది. "యాడ యాడ కూసున్నారు?"

జనం ఎంత కచ్చితంగా చెప్పేవాళ్ళో! పోయినేడు గాలిగోపురం వరకూ కూర్చోలేదని, ఈ యేడు సగం మెట్లకే కూర్చున్నానని, పోయిన నెల అలిపిరి దాటగానే కాళ్ళు పట్టేసినాయని చెప్పేవాళ్ళు. రామ్మూర్తిగారు అది విని ఊపిరి ఎంత ఉండొచ్చో ఒక అంచనా వేసుకొని, ఆ తర్వాతే నా దగ్గరికి పంపేవారు. ఆయన అంచనాకూ నా మిషనుకూ పడకపోతే నన్ను పిలిచేవారు. పిలిచి ఏమనేవారో తెలుసా? "సూడు" అనేవారు. అంతే. ఏం చూడాలో చెప్పేవారు కాదు. పేషెంట్లను చూడడంలో ఆయనంతటివాడు మా జిల్లాలో లేడని ఇప్పటికీ అంటాను. చెప్పడంలో మాత్రం ఆయన సున్నా. నేను నేర్చుకున్నదంతా ఆయన "సూడు" అన్నచోట తెలియక నిలబడి, సిగ్గుపడి, నాలుగు రోజుల తర్వాత తెలుసుకున్నదే. మీరు పెద్దవాళ్ళయ్యాక మీ కింద వాళ్ళకు నోరు తెరిచి చెప్పండి.

మునెయ్యగారు

తొంభైల మధ్యలో సంగతి. అప్పటికి నేను చేరి మూడేళ్ళు దాటింది. మిషను పాతది. పేషెంటు ఊదితే లోపల తిత్తి ఉబ్బి, దానికి బిగించిన పెన్ను గళ్ళ కాగితం మీద గీత గీసేది. ఆ గీత చూసి లెక్క కట్టి అంకె రాయడం నా పని.

మునెయ్యగారు తిరుచానూరు నుంచి వచ్చారు. యాభై దాటిన మనిషి. పెళ్ళిళ్ళకు నాదస్వరం వాయిస్తారు. దగ్గులో రెండుసార్లు రక్తపు చార కనిపిస్తే ఎక్సరే తీయించారు. కుడి ఊపిరితిత్తి పై భాగంలో చిన్న గడ్డ. క్యాన్సరే అని తేలింది. తొలి దశలో ఉంది కాబట్టి ఆ భాగం కోసి తీసేస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. ఊపిరి సరిపోతుందో లేదో చూడమని నా దగ్గరికి పంపారు.

ఆ రోజు జనం ఎక్కువ. మునెయ్యగారు పంచె సర్దుకొని, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. గొట్టం పట్టుకోవడంలోనే ఒక అందం ఉంది. మూడుసార్లు ఊదారు. మూడుసార్లూ గీత మీద గీత పడింది. మామూలుగా మూడూ ఒకేలా వస్తే పేషెంటు సరిగా ఊదినట్టు లెక్క. మొదటి సెకను అంకె మాత్రం చాలా తక్కువ, లీటరు దాటి ఏదో కొంచెం. నేను రాసి సంతకం పెట్టాను. రామ్మూర్తిగారు ఊళ్ళో లేరు, వచ్చాక కట్టలో కలిపి ఆయన కూడా సంతకం చేశారు.

ఆపరేషను డాక్టరు జయచంద్ర గారు కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. "ఈ ఊపిరితో కోస్తే మనిషి బల్ల మీది నుంచి లేవడు" అన్నారు. కోయడానికి వీల్లేదని, కరెంటు పెట్టించుకోవాలని మునెయ్యగారికి చెప్పి పంపారు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. దానితో గడ్డ కొన్నాళ్ళు అణుగుతుంది, కోసి తీసేసినంత భరోసా ఉండదు.

రెండు వారాల తర్వాత మా వార్డు సిస్టరు పద్మ తమ్ముడి పెళ్ళికి తిరుచానూరులో ఒక కల్యాణ మంటపానికి వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టేసరికి నాదస్వరం వినిపిస్తోంది. పైకి ఎత్తిన ఒక స్వరం అలాగే నిలబడింది. నిలబడే ఉంది. మా పనిలో ఉన్నవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, ఎవరు ఊదినా గడియారం చూస్తాం. చూశాను. ముల్లు తిరుగుతూనే ఉంది, స్వరం సన్నపడలేదు. వాయిస్తున్నది ఎవరా అని తల ఎత్తితే మునెయ్యగారు.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చున్నాను. "కరెంటు పెట్టించుకోవడానికి పోలేదా?" అని అడిగాను.

"ఒప్పుకున్న పెండ్లిండ్లు ఉండాయి కదమ్మా. ముహూర్తాలు అయిపోనీ" అన్నారు. "కోసేదానికి లేదని చెప్పినారు. ఇంక తొందరేముండాది?"

ఆ మాట అంటూ ఆయన వంకాయ కూర ఇంకొంచెం వేయించుకున్నారు.

"అంతసేపు ఎట్లా ఊదినారు? మధ్యలో గాలి తీసుకున్నారా?"

"ముక్కుతో దొంగూపిరి తీసేవాళ్ళు ఉండారు. నాకా పని రాదు. ఒకే ఊపిరి." ఆయన ముఖం వెలిగింది. "అది ఊదడం కాదమ్మా, దాసుకోవడం. గాలంతా ఒకేసారి ఇడిసిపెడితే పాట యాడుంటాది? పదేండ్లప్పుడు మొదలుపెట్టినాను. మొదట్లో గాలి వృథా చేస్తే మా గురువు తొడ మీద గిల్లేవాడు. మీ గొట్టంలో కూడా అట్లే ఊదినాను కదా! ఒక్క సుక్క గాలి వృథా పోనీలేదు. మూడుసార్లూ ఒకేమాదిరి వచ్చిందని నువ్వే మెచ్చుకున్నావే!"

అప్పుడు అర్థమైంది. నేను అడిగింది ఒక్క దెబ్బకు వదిలే గాలి. ఆయన ఇచ్చింది నలభై ఏళ్ళ సాధనతో పొదుపుగా వదిలిన గాలి. నేను కొలిచింది ఆయన ఊపిరి కాదు, ఆయన పనితనం. దాన్నే జబ్బు అని రాసి సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున్నే పాత కాగితం బయటికి తీశాను. అంతా దాని మీదే ఉంది. మొదట్లో ఎగరాల్సిన గీత నిదానంగా, గట్టు ఎక్కినట్టు ఎక్కింది. మొత్తం గాలి ఆయన వయసుకు తగినంత ఉంది, మొదటి సెకను మాత్రమే తక్కువ. కాస్త ఆగి చూసుంటే ఆ రోజే తెలిసేది. నేను అంకె చూశాను, గీత చూడలేదు.

రామ్మూర్తిగారి గదిలోకి వెళ్ళాను. ఉద్యోగం పోయినా పోతుందనుకున్నాను. జరిగింది చెప్పి కాగితం ముందు పెట్టాను. ఆయన గీతను మొదటి నుంచి చివరిదాకా చూశారు.

"నువ్వు ఆయన్ను ఏమని ఊదమన్నావు?"

"గట్టిగా ఊదమన్నాను సార్."

"నాదస్వరం వాయించే మనిషికి గట్టిగా అంటే ఏం అర్థమవుతాది? బిగబట్టి ఊదమన్నావనుకున్నాడు." కాగితం కింద తన సంతకం మీద వేలు పెట్టారు. "ఇది నాది. నేనూ సూడలేదు. నీకు తిట్లు తర్వాత. ముందు పోయి ఆయన్ను పిలుచుకొని రా." నేను తలుపు దాటకముందే ఆయన జయచంద్రగారి గది వైపు నడిచారు.

బస్సెక్కి తిరుచానూరు వెళ్ళాను. మునెయ్యగారు ఇంట్లో లేరు. ఆయన భార్య చెంగమ్మ అరుగు మీద పూలు కడుతోంది. నేను విషయం చెప్పగానే ఆమెకు కోపం వచ్చింది.

"ఒకసారి లేదంటారు. ఇంకోసారి రమ్మంటారు. ఇట్లా తిప్పితే మనిషికి జబ్బు కాకపోయినా దిగులు పట్టుకుంటాది. ఆయన రాతిరి పడుకోకుండా పైకప్పు సూస్తా ఉంటాడు, తెలుసునా నీకు?"

"తప్పు నాదమ్మా" అన్నాను. "ఆయన ఊపిరి బాగానే ఉంది. నేను సరిగా ఊదించలేదు."

ఆమె చేతిలో మూర ఆగింది. నన్ను పరీక్షగా చూసింది. "తప్పు నాదని ఆసుపత్రోళ్ళు చెప్పగా నేను ఇంతవరకూ యినలేదు" అంది. మళ్ళీ ముడి వేస్తూ, "రేపు పొద్దున ఏడుగంటలకే పంపిస్తాను పో" అంది.

మర్నాడు ఆయన వచ్చారు. సంగతి విడమరిచి చెప్పాను. తల ఊపారు. గొట్టం నోట్లో పెట్టుకోగానే మళ్ళీ అదే గీత. అరిచాను. అదే గీత. ఇంకో పేషెంటు చేత ఊదించి చూపించాను. "అట్లా ఊదితే పీక పగిలిపోదా!" అని ఆయన ఆశ్చర్యపోయారు. నలభై ఏళ్ళు పెదవులు నేర్చుకున్నదాన్ని నా కేకలు మార్చలేకపోయాయి.

అలసిపోయి కుర్చీలో కూర్చున్నాను. పీక అంటే ఆయన భాషలో గొంతు కాదు, నాదస్వరం కొసన నోట్లో పెట్టుకునే చిన్న ముక్క; ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. "మునెయ్యగారూ, వాయించేటప్పుడు పీకలో ఎంగిలి అడ్డం పడితే ఏం చేస్తారు?" అని అడిగాను.

"దాందేముండాది, తీసి ఒక దెబ్బ ఊదేస్తే పోతాది."

"ఈ గొట్టంలో ఎంగిలి అడ్డం పడింది. ఊదేయండి."

ఆయన నవ్వి, గాలి పీల్చి, ఫట్‌మని ఊదారు. పెన్ను కాగితం మీద నిలువునా లేచింది. అంతకుముందు వచ్చినదానికి రెండింతలు పైనే. మళ్ళీ ఊదించాను, మళ్ళీ లేచింది. మూడోసారి నేను అరవడం కూడా మరిచిపోయాను. తలుపు దగ్గర ఎవరో నవ్వినట్టయితే తిరిగి చూశాను. రామ్మూర్తిగారు.

పది రోజుల్లో ఆపరేషను అయింది. పై భాగం తీసేశారు. ఆ రోజంతా నేను ఏ పేషెంటునూ సరిగా తిట్టలేకపోయాను. సాయంత్రం జయచంద్రగారు వచ్చి "నీ సన్నాయి మేస్త్రీ కండ్లు తెరిచినాడు. తాంబూలం అడగతా ఉండాడు" అని చెప్పారు. మునెయ్యగారు ఇంటికి వెళ్ళిన రోజున రామ్మూర్తిగారు నన్ను పిలిచి, వాయిదా వేసిన తిట్లన్నీ వరసగా తిట్టారు. అంత సంతోషంగా తిట్లు తిన్న రోజు నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు.

ఏడెనిమిది నెలలకు ఆయన మళ్ళీ పెళ్ళిళ్ళలో వాయించడం మొదలుపెట్టారు. ఎలా ఉందని అడిగితే దాచలేదు. "ముందు మాదిరి ఉండదమ్మా. స్వరం కొంచెం ముందే దించేస్తాను. యినేవాళ్ళకు తెలీదు, నాకు తెలుసు. అయినా ఉండే గాలికి తగినట్టు పాట కుదించుకోవడం కూడా విద్యే కదా" అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాయించారు.

అంకె బాగున్నప్పుడు

అన్నీ ఇలా ముగియలేదు. కాళహస్తి వైపు నుంచి ఒక బడిపంతులు వచ్చారు. ఆయన ఊదిన తీరుకు గదిలో ఉన్నవాళ్ళం చప్పట్లు కొట్టాం. "మీకేం కాదు సార్, ధైర్యంగా పోండి" అన్నాను. ఆపరేషను బాగా జరిగింది. అయిదో రోజు కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తిలోకి వచ్చి ఆయన పోయారు. ఆయన కూతురు నా గదికి వచ్చి, "బాగుండాదని నువ్వే చెప్పినావు కదక్కా" అంది. కోపంగా కూడా అనలేదు.

అప్పటి నుంచి "మీకేం కాదు" అన్న మాట నా నోట రాలేదు. "మీ ఊపిరి బాగుంది" అని మాత్రం చెబుతాను. నేను కొలిచింది అంతే. మీరు కూడా కొలిచినంతే చెప్పండి.

వెంకటరమణ

రెండు వేల సంవత్సరం తర్వాత మాకు కొత్త మిషను వచ్చింది. పెన్ను, తిత్తి పోయి కంప్యూటరు వచ్చింది. దాంతో ఇంకో పరీక్ష కూడా చేయగలిగాం. పొగలో ఉండే ఒక గాలిని రవ్వంత, ప్రమాదం లేనంత పీల్పించి, పది సెకన్లు బిగబట్టించి, వదిలేటప్పుడు ఎంత మిగిలిందో చూస్తాం. మిగిలింది తక్కువైతే ఊపిరితిత్తి బాగా లోపలికి తీసుకుంటున్నట్టు. ఎక్కువ మిగిలితే దాని గోడలు గట్టిపడుతున్నట్టు. లోపలికి ఎంత తీసుకుందో మిషను లెక్క కట్టి అంకె ఇస్తుంది, ఆ అంకె పడితే మంచిది కాదు.

క్యాన్సరు డాక్టరు సులోచన గారు కొందరిని నెల నెలా దీనికోసం పంపేవారు. మెడలో, చంకల్లో గడ్డలు వచ్చే ఒక రకం క్యాన్సరుకు నాలుగు మందులు కలిపి ఎక్కిస్తారు. చాలామందికి బాగా నయమవుతుంది. కానీ ఆ నాలుగింటిలో ఒకటి కొందరి ఊపిరితిత్తులను మెల్లగా గట్టిపరుస్తుంది. మనిషికి ఆయాసం తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు. అంతకుముందే పట్టుకోవాలి.

వెంకటరమణ పలమనేరు నుంచి వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళ లోపు. అయిదు ఆవులు, పాల వ్యాపారం. గదిలోకి వస్తూనే "అక్కా, మీ తిరపతి ఎండకే సచ్చేట్టుండాను, క్యాన్సరు దాకా యాడ" అనేవాడు. వెంట పాలకోవా తెచ్చేవాడు. మందులకు జుట్టు రాలిపోతే తుండు చుట్టుకొని, పెళ్ళికొడుకు తలపాగా అని నవ్వించేవాడు. గడ్డలు తొందరగా కరిగాయి. రెండు నెలలు ఊపిరి అంకె నిలకడగా ఉంది. మూడో నెల పడింది. కొంచెం కాదు, బాగా.

ఈసారి నేను తొందరపడలేదు. మిషను తప్పేమో అని నేనే గొట్టం పెట్టుకొని ఊదాను. నా అంకె రోజూ వచ్చేదే వచ్చింది. ఒంట్లో రక్తం తగ్గినా ఈ అంకె పడుతుంది కాబట్టి రక్త పరీక్ష కాగితం తెప్పించి, ఆ లెక్క సరిచేసి చూశాను. అయినా తక్కువే. బీడీ తాగావా అని అడిగాను. "అమ్మతోడు, మానేసి ఏడాదయింది" అన్నాడు. గంట కూర్చోబెట్టి మళ్ళీ చేశాను. మారలేదు.

నా ముఖం చూసి అతనికి అర్థమైంది. "తగ్గిందా?"

"తగ్గింది."

"నాకేం లేదక్కా! నిన్న పొద్దున కూడా పాల క్యాను ఎత్తి బస్సు మీద ఏసినాను. ఆయాసమే లేదు."

"ఇప్పుడు లేదు. అందుకే ఇప్పుడు రాయాలి."

తలుపు దగ్గరగా వేసి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నవ్వు పోయింది. "రాయొద్దక్కా" అన్నాడు. "నువ్వు రాస్తే మందు నిలిపేస్తారు. సగంలో నిలిపేస్తే గడ్డలు మళ్ళీ వస్తాయి. మా ఊర్లో ఒకాయనకు అట్లే అయింది. ఇంక మూడు నెలలే కదా. పోయిన నెల అంకే ఎయ్యి. నీకేం పోతాది?"

"నీ ఊపిరి పోతుంది."

"పోతే నాది పోతాది. నాకు పెండ్లాం, బిడ్డ ఉండారు. నేను పూర్తిగా ఎక్కించుకోవాల." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిన్ను అక్కా అని పిలిస్తిని."

నిజం చెబుతాను. ఆ క్షణం నాకూ భయం వేసింది. మందు ఆపితే నిజంగానే జబ్బు తిరగబెడితే? అది నా చేతి రాత వల్లే అవుతుంది. రాయకపోతే, అతను ఊపిరాడక పోతే? అదీ నా చేతి రాతే. ఏ మందు ఆపాలో, ఏది ఉంచాలో తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు సరిగా నిర్ణయించాలంటే నేను చూసింది చూసినట్టు వాళ్ళకు చేరాలి. ఆ అంకె దాచిపెట్టే హక్కు అతని మీద ఉన్న ప్రేమ నాకు ఇవ్వదు.

రాశాను. మామూలుగా ఫైల్లో పెట్టి పంపేదాన్ని, ఆ రోజు నేనే తీసుకొని సులోచనగారి దగ్గరికి వెళ్ళాను. వెంకటరమణ నా వెనకే వచ్చాడు. ఆమె కాగితం చూసి, స్కానింగు తీయించారు. ఊపిరితిత్తుల అడుగున మచ్చలు అప్పుడే మొదలైనట్టు కనిపించింది. ఆమె అతన్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. నాలుగు మందుల్లో ఆ ఒక్కటే ఆపుతామని, మిగిలిన మూడూ చివరిదాకా ఎక్కిస్తామని, గడ్డలు ఇప్పటికే బాగా కరిగాయి కాబట్టి మిగతా మూడింటితో పని జరుగుతుందని తనకు నమ్మకం ఉందని అన్నారు. అతను అన్నిటికీ తల ఊపాడు. బయటికి వచ్చాక నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడు నెలలూ పరీక్షకు వచ్చాడు. ఊదమంటే ఊదాడు, బిగబట్టమంటే బిగబట్టాడు. అక్కా అనలేదు. పాలకోవా రాలేదు. మా గదిలో అందరికీ అది వెలితిగానే ఉండేది, ఎక్కువగా మా అటెండరు సుగుణమ్మకు. అంకె మాత్రం పడడం ఆగింది. ఆరో నెలకు కొంచెం పెరిగింది. మందులు పూర్తయ్యాయి. ఆ తర్వాత ఏడాది, రెండేళ్ళు పరీక్షలు చేస్తూ వచ్చారు, గడ్డలు తిరిగి రాలేదు. సులోచనగారు ఇక నెల నెలా రానక్కర్లేదు, ఏడాదికోసారి చాలన్నారు. ఆ మాట విని కూడా నాకు మామూలుగా తల ఊపి వెళ్ళిపోయాడు. సరే, అతని ఇష్టం అనుకున్నాను. ప్రతి పేషెంటూ మనల్ని ఇష్టపడాలని రాసిపెట్టి లేదు.

ఒక రోజు పొద్దున గది తలుపు తీసేసరికి బయట బెంచీ మీద వెంకటరమణ కనిపించాడు. నల్లటి ఒత్తయిన జుట్టు. పక్కన నలభై ఏళ్ళ మనిషి, చేతిలో ఎక్సరే కవరు, ముఖంలో దిగులు. వెంకటరమణ అతనికి నా పరీక్ష గురించి వివరిస్తున్నాడు. సగం తప్పు, సగం ఒప్పు, గొంతు మాత్రం నాకంటే పెద్దది.

"ముక్కు మూసేస్తాది. బయపడొద్దు బావా. అరస్తాది. అది కోపం కాదు, ఆమె గొంతే అంత."

ఆ బావ ఇంకా దిగులుగానే ఉన్నాడు. "ఇంత దూరం ఏంటికిరా? సిత్తూరులో కూడా ఈ పరీక్ష సేస్తారంట కదా. ఆడైతే మనకు తెలిసినోళ్ళు ఉండారు."

"తెలిసినోళ్ళు ఉండే కాడికి పోకూడదనే ఈడికి పిలుచుకొని వచ్చినాను" అన్నాడు వెంకటరమణ. "ఈయమ్మ ఉండేది ఉన్నట్టు రాస్తాది. నేను ఏడిసి బతిమాలినాను, మార్చలేదు."

అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. సంచిలోంచి పాలకోవా పొట్లం తీసి, నా వెనకే వచ్చిన సుగుణమ్మ చేతికిచ్చి, "లోపలికి రమ్మంటావా అక్కా?" అని అడిగాడు.